పచ్చ టిక్కు పెట్టి పంపించేస్తారా?

మా పిన్ని కూతురు బెంగళూరు బెల్లందూర్‌లో పీజీలో ఉంటుంది. ఇందాక ఫోన్ చేసి, "అక్కా, నాకు సివియర్ డిప్రెషన్ అంట" అని ఒకటే ఏడుపు. ఎవరే చెప్పిందంటే, ఓ వెబ్‌సైట్! పేరు, ఫోన్ నంబరు ఇస్తేనే స్కోరు చూపించిందట. కాసేపటికే థెరపీ ప్యాకేజీ తీసుకోమని కాల్. ఈఎంఐ కూడా ఉందట. సిగ్గులేదా అసలు?

స్క్రీన్‌షాట్లు చూస్తే అవి డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ఫారం ప్రశ్నలే. 2001లో డాక్టర్ల కోసం ప్రచురించినవి. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. అసలు ఫారం "గత రెండు వారాల్లో" అని అడుగుతుంది. వీళ్లు ఆ ముక్కే ఎత్తేశారు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారంలో అర్ధరాత్రి దాకా పనిచేసిన పిల్లని నిద్ర పడుతోందా, నీరసంగా ఉందా అంటే ఏం చెబుతుంది? 21 వచ్చింది. అసలు ఫారం నింపిస్తే 8. ఒకే మనిషి, ఒకే రోజు!

పైన "88 శాతం కచ్చితం" అని బ్యానరొకటి. ఆ అంకె అసలు ఫారానిది, ఈ కోతకోసినదానిది కాదు. పోనీ నిజమే అనుకుందాం. వందమందిలో పదిమందికి జబ్బు ఉంటే తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. మిగతా తొంభైమందిలో దాదాపు పదకొండుమందికి లేని జబ్బు అంటగడుతుంది. థైరాయిడ్ తగ్గినా, ఒంట్లో రక్తం తక్కువైనా నీరసమే కదా. అందుకే స్కోరు తర్వాత డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడాలి. ప్యాకేజీ అమ్మేవాడు కాదు.

నాకు కడుపు రగిలిపోయింది తొమ్మిదో ప్రశ్న దగ్గర. చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అని అడిగే ప్రశ్న అది. అన్నిటికీ సున్నా పెట్టి, దానికి మాత్రం 'దాదాపు ప్రతిరోజూ' అని నొక్కి చూశాను. మొత్తం 3. "మీరు బాగానే ఉన్నారు" అని పచ్చ టిక్కు! ఆ జవాబు వచ్చాక ఇంకా కూడికలేంటి? వెంటనే ఓ మనిషి పలకాలి. కనీసం టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 అయినా చూపించాలి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఒక్క లైను పెట్టడానికి ఏం పోయింది వీళ్లకి?

మా ఆఫీసువాళ్లూ ఇంతే. పోయినేడు సరిగ్గా అప్రైజల్ ముందు ఇలాంటి లింకే పంపారు, ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవ్వాలట. ఉద్యోగం మీద ఆశ ఉన్నవాడెవడు నిజం రాస్తాడు? అందరం సున్నాలు పెట్టాం. టీమ్ మానసికంగా చాలా ఆరోగ్యంగా ఉందని స్లైడ్ వేసి కేకు కోశారు. నెల తిరక్కుండా మా వరసలో కూర్చునే అనంతపురం కుర్రాడు రావడం మానేశాడు. వాళ్ల నాన్న వచ్చారు, అబ్బాయిని నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో చూపిస్తున్నామని చెప్పారు. హెచ్‌ఆర్ ఆ పెద్దాయన్ని అడిగింది ఒక్కటే: ల్యాప్‌టాప్, చార్జరు తెచ్చారా అని.

ఈ ఏడు కూడా లింకు వచ్చింది. నేను నింపను. ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోమనండి.