తమ్మీ, గ్రాఫు కదుల్తలేదేంది?

లెక్కలంటే భయం లేని, బొమ్మలంటే మోజు తీరని నల్లగొండ, పాలమూరు యువతకు శుభవార్త. విజువల్ జర్నలిజం అనే గొప్ప ఉపాధి మార్గం తెరిచే ఉంది. అంకెల్ని బొమ్మలుగా మార్చి, పాఠకుడు వేలు పెడితే కదిలేటట్టు చెయ్యడమే పని. పాఠకుడు వేలు పెట్టడు. అది వేరే సంగతి.

ముందు కోడింగ్ నేర్చుకోవాలని పట్నం నిపుణులు చెప్తారు. నమ్మొద్దు. ముందు నేర్వాల్సింది పట్టికలోని ఊరి పేరును మ్యాపులోని పేరుతో కలపడం. జనగణన పట్టికలో మహబూబ్‌నగర్ ఇంగ్లిషు స్పెల్లింగులో హెచ్ వెంటనే బి వస్తుంది. కొన్ని మ్యాపు ఫైళ్లలో ఆ రెంటి మధ్య ఒక ఏ దూరి ఉంటుంది. ఆ ఒక్క అక్షరానికి కంప్యూటర్ రెండూ వేర్వేరు ఊళ్లనుకుని జిల్లా మొత్తానికి బూడిద రంగు పూస్తుంది. బూడిద రంగంటే ‘వివరాలు లేవు’ అని. ఎవరూ గుర్తుపట్టరు, పాలమూరు సంగతి ఎప్పుడూ అంతే కదా అనుకుంటారు. పేరుతో కాక జనగణన కోడ్‌తో, అంటే ప్రతి జిల్లాకూ ఇచ్చిన అంకెతో, కలిపితే ఈ బాధ ఉండదు. కాకపోతే కోడ్ ముందున్న సున్నాల్ని ఎక్సెల్ నిశ్శబ్దంగా మింగేస్తుంది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

తర్వాతి పాఠం భూగోళం. 2011 జనగణన నాటికి మనవి పది జిల్లాలు. 2016 దసరాకు 31 అయ్యాయి, 2019లో 33. పాత పాలమూరు అయిదు జిల్లాలయింది, కొన్ని మండలాలు రంగారెడ్డికీ వికారాబాద్‌కూ పోయాయి. 2011 అంకెల్ని కొత్త మ్యాపు మీద చూపాలంటే, పాత జిల్లా శాతాన్నే అయిదు కొత్త జిల్లాలకూ పులమడం ఒక పద్ధతి. గ్రామాల వారీ అంకెలు తెచ్చి, కొత్త హద్దుల్లో మళ్లీ కూడటం ఇంకో పద్ధతి. మొదటిది టీ తాగేలోపు అవుతుంది, రెండోది వారం తింటుంది. అచ్చయ్యాక రెండూ ఒకేలా మెరుస్తాయి గనుక ప్రమోషన్ మొదటిదానికే.

అసలు విద్య నాగార్జునసాగర్ దగ్గర అక్కరకొస్తుంది. నిండు మట్టం 590 అడుగులు, అప్పుడు 312 టీఎంసీలు. 510 అడుగులకు దిగితే మిగిలేది 131 టీఎంసీల చిల్లర. ఈ అడుగులు సముద్రమట్టం నుంచి కొలిచినవి, డ్యామ్ అడుగు నుంచి కాదు. అడుగుల్లో గ్రాఫు గీసి, కింది గీత సున్నా దగ్గర పెట్టండి: 590 పక్కన 510 కడ్డీ కాస్త పొట్టిగా, ధైర్యంగా నిలబడుతుంది. ప్రభుత్వం చల్లగా ఉంటుంది. అదే గీతను 505 దగ్గర మొదలుపెట్టండి: కడ్డీ నేలకంటుకుపోతుంది, సాయంత్రానికి మిర్యాలగూడలో ప్రతిపక్షం ధర్నా. రెండు గ్రాఫుల్లోనూ ఒక్క అంకె కూడా తప్పు కాదు. ఈ వృత్తి గౌరవమంతా అక్కడే ఉంది. టీఎంసీల్లో గీస్తే సగానికి పైగా నీళ్లు వెళ్లిపోయాయని చూడగానే తెలిసిపోతుంది. జలాశయం పైకి పోయేకొద్దీ వెడల్పు, అందుకే పై అడుగులో పట్టినన్ని నీళ్లు కింది అడుగులో పట్టవు. ఆ గ్రాఫు మాత్రం ఏ పక్షమూ అడగదు.

ఇంత చేశాక డెస్కు సార్ నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే: “తమ్మీ, గ్రాఫు కదుల్తలేదేంది?” కదిలించండి. మౌస్ ఆనిస్తే అంకె కనబడే ఏర్పాటు ఆఫీసు కంప్యూటర్లో అద్భుతంగా ఉంటుంది. చదివేవాళ్ల ఫోన్లకు మౌస్ ఉండదు. పేజీ జరుపుతుంటే బొమ్మ ఒకచోట నిలవాలని కోడ్‌లో ‘స్టిక్కీ’ అని రాస్తే, దాన్ని చుట్టుకున్న ఏదో పెట్టెకు ‘ఓవర్‌ఫ్లో హిడెన్’ (బయటికి పొంగింది కనబడొద్దు) అని ఉండి అదీ జారిపోతుంది. సార్ అప్పటికే మెచ్చుకుని ఉంటారు.

ఆఖరి పరీక్ష 1996 నల్లగొండ లోక్‌సభ ఎన్నిక. అభ్యర్థులు 480 మంది. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినబడాలని వందల మంది నామినేషన్ వేశారు. 360 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) వెడల్పున్న ఫోన్లో 480 కడ్డీలు నిలబెడితే ఒక్కొక్కరికి ముప్పావు పిక్సెల్ వస్తుంది, ఎవరూ కనబడరు. కాబట్టి నిబంధన ప్రకారం ముందున్న నలుగురిని ఉంచి, తక్కిన 476 మందినీ ‘ఇతరులు’ అని ఒకే కడ్డీలో కలిపెయ్యాలి. సార్ చూసి, “ఇతరులకు గింత జాగెందుకు, తీసెయ్” అంటారు. దానికి ఒక్క క్లిక్కు చాలు.