సర్ఫింగ్ ప్యాకేజీల మీద తిరుగుతున్న ఆ సలహా నమ్మొద్దు

ఈ మధ్య నాకు నలుగురైదుగురు ఒకటే సలహా పంపించారు. పంపినవాళ్లు వేరు, మాటలు మాత్రం అవే. దాని సారాంశం ఇది: "ఉష్ణమండల దీవుల్లో ఏడాది పొడవునా సర్ఫింగ్ చేసుకోవచ్చు, ఏ నెలలో వెళ్లినా ఒకటే. ప్యాకేజీ మీద 'అన్ని లెవెల్స్‌కీ' అని రాసి ఉంటే మొదటిసారి వెళ్లేవాళ్లకూ సరిపోతుంది. బీచ్ ఎదురుగా రిసార్ట్ ఉండాలి, రోజుకు రెండు క్లాసులు ఉండాలి, వారంలో అలల మీద నిలబడతారు. ఈత రాకపోయినా టెన్షన్ వద్దు, బోర్డు కాలికి కట్టే ఉంటుంది. అన్నీ ప్యాకేజీలోనే వస్తాయి కాబట్టి ఇంకేమీ చూసుకోనక్కర్లేదు."

చదవడానికి హాయిగా ఉంది, అందుకే అంతమంది పంచుకుంటున్నారు. కానీ ఇందులో ఒక మాట ప్రాణం మీదికి తెస్తుంది. మిగతావి కూడబెట్టుకున్న సెలవుల్నీ డబ్బునీ నీళ్లపాలు చేస్తాయి. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

"ఏ నెలలో వెళ్లినా ఒకటే"

నీళ్లు ఏడాదంతా వెచ్చగా ఉంటాయన్నది నిజం. వెచ్చటి నీళ్లుంటే ఈత కొట్టుకోవచ్చు. సర్ఫింగ్‌కు మాత్రం అల రావాలి, వచ్చిన అలను గాలి చెడగొట్టకూడదు. ఈ రెండూ నెలనుబట్టి మారిపోతాయి.

శ్రీలంకనే తీసుకోండి. చిన్న దీవే, కానీ రెండు తీరాలకు రెండు సీజన్లు. హిక్కడువ, మిడిగామ, వెలిగామ ఉన్న నైరుతి వైపు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. మే నుంచి నైరుతి రుతుపవనాల గాలి నేరుగా ఆ ఒడ్డు మీదికే కొట్టి సముద్రాన్ని కలగాపులగం చేస్తుంది. వెలిగామ లాంటి వంపు తిరిగిన చోట కొంత ఆసరా ఉంటుంది గానీ మిగతా చోట్ల కష్టం. సరిగ్గా ఆ నెలల్లోనే అటు తూర్పున అరుగం బే వెలిగిపోతుంది. అక్కడ అదే గాలి నేల దాటి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఎదురుగాలి తగిలిన అల చప్పున విరిగిపోకుండా నిటారుగా, నున్నగా నిలబడుతుంది. ఒకే గాలి ఒక తీరాన్ని పాడుచేసి ఇంకో తీరాన్ని బాగుచేస్తుందన్నమాట. టికెట్ దీవికి తీసుకుంటే చాలదు, తీరానికి తీసుకోవాలి.

బాలిలోనూ ఇదే కథ. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఆగ్నేయపు గాలి వీస్తుంది కాబట్టి పడమటి వైపు ఉన్న కుటా, చాంగూ, ఉలువాటు బాగుంటాయి. వానాకాలంలో గాలి తిరగబడుతుంది, అప్పుడు తూర్పున సనూర్, నుసా దువా వైపు వెళ్లాలి. అదే కాలంలో కుటా ఒడ్డుకు ప్లాస్టిక్ చెత్త కొట్టుకొస్తుంది. జనవరి ప్యాకేజీకి కుటా సూర్యాస్తమయం ఫొటో పెట్టి అమ్ముతుంటే దేనికి డబ్బు కడుతున్నామో ఆలోచించుకోవాలి.

మాల్దీవుల సంగతి ఇంకా విచిత్రం. డిసెంబర్ నుంచి మార్చి దాకా వాన తక్కువ, సముద్రం ప్రశాంతం, టూరిస్టుల రద్దీ ఎక్కువ. అలలు చిన్నబోయేదీ దాదాపు ఆ రోజుల్లోనే. ఎందుకంటే అక్కడికి వచ్చే అలలు అక్కడ పుట్టవు. వేల కిలోమీటర్ల దక్షిణాన, అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో తుపానులు లేపిన అలలు రోజుల తరబడి ప్రయాణించి హిందూ మహాసముద్రంలోని దీవుల్ని తాకుతాయి. ఆ తుపానుల జోరు దక్షిణార్ధగోళపు చలికాలంలో, అంటే మన ఎండాకాలం చివర నుంచి వానాకాలం దాకా ఎక్కువ. టూరిస్టు సీజనూ అలల సీజనూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది మోసపోతున్నారు.

ఇంకో ముక్క. అల ఎత్తు ఒక్కటే అడిగితే సరిపోదు, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు ఉందో కూడా అడగండి. ఎత్తు ఒకటే అయినా 8 సెకన్లకోసారి వచ్చే అల కంటే 16 సెకన్లకోసారి వచ్చే అల దాదాపు రెట్టింపు శక్తిని ఒడ్డుకు మోసుకొస్తుంది. "అల ఒక మీటరే" అని చెప్పి దించిన చోట మనిషి తలకిందులైపోయేది ఈ లెక్క తెలియకే.

"'అన్ని లెవెల్స్‌కీ' అని ఉంటే చాలు"

ఈ మాట మీద నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే నేనూ నమ్మి వెళ్లాను.

నేనూ మా బావమరిదీ సర్ఫింగ్ మొదలుపెట్టింది వెలిగామలో. అడుగున ఇసుక, నడుం లోతు నీళ్లు, చేతిలో ఎనిమిదడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు. విరిగిన అల తాలూకు నురగ వెనక నుంచి నెట్టుకొస్తే లేచి నిలబడాలి, పడితే ఇసుకలో పడాలి. వారంలో ధైర్యం వచ్చింది. మరుసటి ఏడాది మాల్దీవుల్లో ఉత్తర మాలే అటాల్‌కు, అంటే వలయంలా పేర్చినట్టుండే పగడపు దీవుల గుంపుకు, ఒక ప్యాకేజీ తీసుకున్నాం. అన్ని లెవెల్స్‌కీ అని స్పష్టంగా రాసి ఉంది. జూన్ నెల.

మొదటి ఉదయం ధోనీ అనే అక్కడి పడవలో తీసుకెళ్లి రెండు దీవుల మధ్య పాయ దగ్గర లంగరు వేశారు. పడవలోంచి చూస్తే అల వీపు మాత్రమే కనిపిస్తుంది. నున్నగా, లోతైన నీలంలో, పెద్ద ఎత్తుగా కూడా అనిపించదు. దాని అవతలి నుంచి మాత్రం ఒక్కసారిగా తుంపర పైకి ఎగిరి, ఓ క్షణం ఆగి ఆ చప్పుడు మనకు చేరుతుంది. గైడ్ మా బోర్డుల వంక చూసి, "రీఫ్ మీద ఎప్పుడైనా చేశారా?" అని అడిగాడు. రీఫ్ అంటే నీళ్ల కింద ఉండే పగడపు దిబ్బ. లేదన్నాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈ రోజు చూడండి చాలు" అన్నాడు. అలా మూడు రోజులు చూశాం.

నాలుగో రోజు అల కాస్త తగ్గిందని మా బావమరిది ఆగలేక దిగాడు. రెండో అలకే పడ్డాడు. లేవడానికి కాలు కింద పెట్టగానే పగడం కోసేసింది. పడవెక్కాక గైడ్ మంచినీళ్ల సీసా మొత్తం ఆ పాదం మీద పోసి, కొత్త టూత్‌బ్రష్‌తో గాయాన్ని రుద్దాడు. సన్నటి పగడపు రజను లోపల ఉండిపోతే పుండు పడుతుందట. వాడు పంటి బిగువున ఆపుకుంటూ, "బావా, మనం వచ్చింది మన సముద్రానికి కాదు" అన్నాడు. తప్పు వాడిది కాదు, సముద్రానిది అసలే కాదు. ఆ రెండు పదాలు రాసి అమ్మినవాళ్లది.

అసలు విషయం సముద్రం అడుగున ఉంటుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గేసరికి అల విరుగుతుంది. అంటే మీటరు ఎత్తు అల సుమారు మీ ఛాతీ లోతులోనే విరుగుతుంది. అడుగున ఇసుకైతే దెబ్బ తప్పుతుంది, రీఫ్ అయితే తగులుతుంది. పైగా లోతులోంచి నీరు ఒక్కసారిగా రీఫ్ అంచుకు తగలడంతో అల నెమ్మదిగా ఒరగకుండా గోడలా లేచి పడుతుంది. సుమత్రా పక్కనున్న మెంటవాయి దీవుల్లో పేరుమోసిన ఒక అల దగ్గర లోతు తక్కువగా ఉన్న రీఫ్ ముక్కను సర్ఫర్లు 'సర్జన్స్ టేబుల్' అంటారు, అంటే ఆపరేషన్ బల్ల. 2024 పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు జరిగిన తాహితీలోని తియహుపో కూడా రీఫ్ మీద విరిగే అలే. అక్కడ ఆరితేరినవాళ్లే గాయాలతో బయటికొస్తారు.

రీఫ్ ఉన్న ప్రతిచోటా కొత్తవాళ్లు దిగకూడదని అనడం లేదు. హవాయిలో వైకీకీ అడుగున కూడా రీఫ్ ఉంది, అయినా అల తీరిగ్గా, దూరం నుంచి మెల్లగా ఒరుగుతూ వస్తుంది కాబట్టి తరతరాలుగా అక్కడ నేర్చుకుంటూనే ఉన్నారు. అందుకే "మీ దగ్గర అన్ని లెవెల్స్‌కీ ఉందా" అని అడిగి లాభం లేదు. "నన్ను దించే చోటు పేరేంటి, అడుగున ఏముంది, ఆటులో లోతెంత" అని అడగండి. పేరు చెబితే మిగతా వివరాలు మీరే వెతుక్కోవచ్చు. పేరు చెప్పకుండా దాటవేస్తే ఆ ప్యాకేజీ వదిలేయండి.

"బీచ్ ఎదురుగా రిసార్ట్"

గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తే మనసుకు బాగుంటుంది, దానికీ సర్ఫింగ్‌కూ సంబంధం లేదు. మాల్దీవుల్లో చాలా రిసార్టుల ముందున్నది లగూన్, అంటే రీఫ్ లోపల అలలే రాని నీళ్లు. అలలు విరిగేది రీఫ్ అంచున, పడవలో వెళ్లాల్సిన చోట. రోజుకు పడవ ఎన్నిసార్లు వెళుతుంది, అందులో ఎంతమందిని ఎక్కిస్తారు, పోటు వేళను చూసి వెళుతుందా లేక టిఫిన్ అయ్యాక వెళుతుందా అన్నవి గది కంటే ముఖ్యం.

ఆ సలహాలో ఒప్పుకోవాల్సింది ఇక్కడ ఒకటుంది. ప్యాకేజీ తీసుకోవడమే తప్పని నేను అనను. మాల్దీవుల్లో, మెంటవాయిలో అలలు దీవికొకటిగా చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి పడవా గైడూ కలిపి ఇచ్చే ప్యాకేజీయే మేలు. కానీ వెలిగామ, కుటా లాంటి చోట్ల ఒడ్డు మీదే గంటల లెక్కన బోర్డు అద్దెకు దొరుకుతుంది, నేర్పేవాళ్లూ దొరుకుతారు. అక్కడ గది విడిగా తీసుకుని, ఒక క్లాసు చేసి, టీచర్ నచ్చితేనే కొనసాగించడం మంచిది.

"రోజుకు రెండు క్లాసులు, వారంలో నిలబడతారు"

నురగలో నిలబడటం చాలామందికి రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది, అది నిజమే. విరగని అలను దూరం నుంచి గుర్తుపట్టి, దాని వేగానికి సరిపడా చేతులతో ఈదుకెళ్లి, సరైన చోట లేవడం వేరే విద్య. ఒక వారం దానికి చాలదు. ఇక రెండు క్లాసుల సంగతి. రెండో రోజుకే భుజాలు పట్టేస్తాయి, పక్కటెముకల దగ్గర బోర్డు రాసుకుని చర్మం మండుతుంది. మూడో రోజు మధ్యాహ్నం బోర్డు మీద పడుకుని చేతులు కదపలేక నేను ఒడ్డుకు వచ్చేశాను. అలిసిన ఒంటితో చేసే రెండో క్లాసులో నేర్చుకునేది తక్కువ, దెబ్బలు తగిలేది ఎక్కువ. ఉదయం గాలి లేవకముందు ఒక్క క్లాసు, ఒక టీచర్‌కు నలుగురికి మించకుండా విద్యార్థులు, మధ్యాహ్నం విశ్రాంతి ఉన్న ప్యాకేజీ మేలు. టీచర్‌కు అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం సర్టిఫికెట్ లాంటిదేమైనా ఉందా, నీళ్లలో మునిగేవాళ్లను కాపాడే శిక్షణ ఉందా అని కూడా అడగాలి.

"ఈత రాకపోయినా ఫర్వాలేదు"

ప్రాణం మీదికి తెచ్చే మాట ఇదే. బోర్డును కాలికి కట్టే తాడును లీష్ అంటారు, అది బోర్డు వేరేవాళ్ల మీదికి కొట్టుకుపోకుండా పెట్టింది. అది లైఫ్ జాకెట్ కాదు. పెద్ద అలలో తెగుతుంది, వెల్క్రో ఊడుతుంది, రీఫ్‌కు చిక్కుకుంటే మనిషిని కిందికి పట్టేస్తుంది కూడా. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే రిప్ ప్రవాహం కొన్నిచోట్ల సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. దానికి ఎదురు ఈదితే ఎంతటివాళ్లయినా అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈది ప్రవాహంలోంచి బయటపడి అప్పుడు ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్లకు ఈ దారే లేదు. వెళ్లేముందు ఈత నేర్చుకోండి. బోర్డు లేకుండా, కాలు అందని లోతులో పది నిమిషాలు తేలుతూ ఊపిరి నిలకడగా తీసుకోగలిగితే అప్పుడు టికెట్ తీసుకోండి.

"అన్నీ ప్యాకేజీలోనే వస్తాయి"

బోర్డు విరిగితే ఎవరు కట్టాలి, పడవ ఖర్చు కలిపారా, అలలు రాని రోజు ఏం చేస్తారు అన్నవి ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. అన్నిటికంటే ముఖ్యం ఇన్సూరెన్స్. సర్ఫింగ్‌ను సాహస క్రీడ కింద లెక్కేసి మినహాయించే పాలసీలున్నాయి. మారుమూల దీవి నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు వర్తిస్తుందో లేదో చూడాలి. మెంటవాయి నుంచి సుమత్రా తీరంలోని పడాంగ్ నగరానికి పడవలో గంటల ప్రయాణం, ఎముక విరిగినవాళ్లకు అది నరకం. బోర్డు పట్టుకుని స్కూటర్ మీద తిరగడం దీవుల్లో మామూలే. కానీ చెల్లుబాటయ్యే మోటార్‌సైకిల్ లైసెన్స్, హెల్మెట్ లేకుండా పడితే చాలా పాలసీల్లో క్లెయిమ్ రాదు.

ఈ ఏడాది మా బావమరిది కూతురు తనూ నేర్చుకుంటానంది. సెలవు జూలైలో అనుకున్నారు. చోటు పేరు, అడుగున ఏముంది, టీచర్‌కు ఎంతమంది, ఆ నెలలో గాలి ఎటు, ఇవే ప్రశ్నలు శ్రీలంకలో ముగ్గురికి పంపాను. ఇద్దరు గంటలోపే "అన్ని లెవెల్స్‌కీ, ఏడాదంతా" అని జవాబిచ్చారు. హిక్కడువ వైపు ఉండే మూడో ఆయన మర్నాడు రాశారు: "జూలైలో మా ఒడ్డుకు రావద్దు. అప్పుడే రావాలంటే తూర్పు తీరానికి వెళ్లండి, అక్కడ కొత్తవాళ్లు నేర్చుకునే చిన్న పాయింట్ ఉంది. మా దగ్గరికే రావాలంటే ఫిబ్రవరిలో రండి, అమ్మాయికి ఈత వచ్చా?"

సెలవు ఫిబ్రవరికి మార్చుకుని ఆయనకే డబ్బు కట్టాం. అమ్మాయి ఇప్పుడు రోజూ ఈతకు వెళుతోంది.