ఆకుపచ్చ మెడతాడుకు బహిరంగ లేఖ

ఆకుపచ్చ తాడూ,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ నా కుశలం నా కాంట్రాక్టుతోపాటే మార్చి 31తో ముగిసింది, పొడిగింపు కాగితం ఇంకా రాలేదు. కనుక ఆ మాట ఏజెన్సీ వారిని అడిగి రాస్తాను.

పదకొండేళ్లుగా ఆఫీసు గుర్తింపు కార్డును మోస్తూ నా మెడలో ఉన్నావు. తాడూ బొంగరం లేనివాడని నన్నెవరూ అనకుండా కాపాడావు. బొంగరం సంగతి తర్వాత, తాడు మాత్రం ఉంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేదాకా బోగీ నిండా మెడతాళ్లే. చిత్రం చూడు, ఆ దారికి కూడా బ్లూ లైన్ అనే పేరు పెట్టారు. నీలం తాళ్లవాళ్లు కార్డు బయటికి కనబడేలా వేసుకుంటారు. నేను నిన్ను చొక్కా జేబులోకి దోపుకుంటాను. సిగ్గుపడి కాదు, ఊగకుండా ఉంటుందని. (అబద్ధం. సిగ్గుపడే.)

మా ఆఫీసులో నీలం అంటే కంపెనీ మనిషి, ఆకుపచ్చ అంటే ఏజెన్సీ మనిషి. పని ఒకటే, తప్పు జరిగితే తిట్లూ ఒకటే. తేడా దీపావళికి తెలుస్తుంది. వాళ్లకు జీడిపప్పు, బాదం డబ్బా. మనకు దీపం బొమ్మతో మెయిల్. ఒక ఏడాది ఆ బొమ్మలో దీపం కదిలింది కూడా. మన మీద ఖర్చు పెంచారని మురిసిపోయాం.

అప్పట్లో పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి జీతం అడగలేదు, జాతకం అడగలేదు. "అబ్బాయి పర్మినెంటేనా అండీ?" అన్నారు. "మనిషే పర్మినెంటు కాదు కదండీ" అని మా నాన్న వేదాంతంలోకి దిగారు. వచ్చినవాళ్లు కాఫీ తాగి లేచారు.

ఈ పదకొండేళ్లలో ఏజెన్సీలు నాలుగు మారాయి. ప్రతిసారీ "మా కుటుంబంలోకి స్వాగతం" అని ఉత్తరం వచ్చింది. కుటుంబాలు మారాయి గానీ కుర్చీ మారలేదు, దాని విరిగిన ఎడమ చెయ్యీ మారలేదు. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ముకు 1972 నాటి చట్టం ఐదేళ్ల సర్వీసు అడిగింది. ఏ కుటుంబమూ నన్ను ఐదేళ్లు ఉంచుకోలేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్, గడువు (ఫిక్స్‌డ్ టర్మ్) ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ అంది. ఎగురుకుంటూ వెళ్లి అడిగితే, "మీది గడువు ఉద్యోగం కాదండీ, ఏజెన్సీ ఉద్యోగం" అన్నారు. గడువు ఉంది, ఉద్యోగమూ ఉంది. రెండూ కలిపితే మాత్రం గడువు ఉద్యోగం కాదట.

నీ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే 1970 చట్టం తగిలింది. కాంట్రాక్టు కార్మిక వ్యవస్థను క్రమబద్ధం చేయడం, రద్దు చేయడం అని పేరులోనే రెండు పనులు పెట్టుకుంది. ఆ రెండోదాని మీద ఆశపడేవాళ్లకు 2001లో సుప్రీంకోర్టు ఒక మెలిక చూపించింది. ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధించినా, అక్కడ పనిచేస్తున్నవాళ్లు దానంతట అదే అసలు యజమాని ఉద్యోగులైపోరని చెప్పింది. అంటే నీ రద్దుతోపాటు నా రద్దు కూడా జరిగిపోవచ్చు.

నువ్వు మా గచ్చిబౌలి సరుకువే అనుకున్నాను. ప్రపంచమంతా నీకు చుట్టాలున్నారట! దక్షిణ కొరియాలో 2007లో అమల్లోకి వచ్చిన చట్టం రెండేళ్లు దాటిన తాత్కాలిక ఉద్యోగిని శాశ్వతం చేయమంది. రెండేళ్లు నిండకముందే వీడ్కోలు చెప్పడం యజమానులు నేర్చుకున్నారు. జపాన్‌లో 2013లో అలాంటిదే ఐదేళ్ల నిబంధన వచ్చింది, ఐదో ఏడాదిలో పొడిగింపులు ఆగాయి. అంతకుముందు 2008 ఆఖరు రోజున టోక్యోలోని హిబియా పార్కులో గుడారాలు వెలిశాయి. పనితోపాటు కంపెనీ వసతిగదీ పోయినవాళ్లు కొత్త సంవత్సరాన్ని అక్కడ పంచిన భోజనంతో స్వాగతించారు. దానికి "ఏజెన్సీ కూలీల పల్లె" అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. మన మెయిల్లో దీపం కదిలినట్టు, అక్కడ కనీసం పొయ్యి వెలిగింది.

నాకు బాగా నచ్చినది స్పెయిన్. అక్కడ నలుగురిలో ఒకరు తాత్కాలికమే అనే స్థితిలో ఒక సంస్కరణ తెచ్చారు. 2022 ఫిబ్రవరి 3న పార్లమెంటులో ఓటింగ్: అనుకూలం 175, ప్రతికూలం 174. గెలిపించిన ఆ ఓటు, ఇంటి నుంచి ఓటేసిన ప్రతిపక్ష సభ్యుడొకరు పొరపాటున వేసినది! మన తలరాత రాసేవాడి చేయి కూడా ఒక్కసారి అలా జారితే ఎంత బాగుండు. ఆ తర్వాత తాత్కాలికులు నిజంగానే తగ్గారు. అయితే అందులో కొందరు ఇప్పుడు "అప్పుడప్పుడూ పనిచేసే శాశ్వత ఉద్యోగులు". పని ఉన్న నెలల్లో పిలుస్తారు, లేని నెలల్లో ఇంట్లో కూర్చుని పర్మినెంటుగా ఉండవచ్చు.

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను గానీ నీ తప్పేమీ లేదు. నీలం తాడు నీకంటే గట్టి దారంతో నేసినది కాదు. రెండూ ఒకే డబ్బాలోంచి తీసి ఇవ్వడం నేను చూశాను. ఆర్డర్లు తగ్గిన రోజున ముందు నువ్వు తెగుతావు, అందుకే అది నిలుస్తుంది. నేను పని నేర్పిన కుర్రవాడు ఇప్పుడు నీలం తాడుతో నా పైఅధికారి. మంచివాడు. "అన్నా, మీరు లేకపోతే మేం లేము" అంటుంటాడు. ఆ మాటలో ఎంత నిజముందో పాపం అతనికే తెలియదు.

ఈ ఉదయం గేటు దగ్గర కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఎరుపే. కాపలా ఆయన నన్ను పక్కకు పిలిచారు. ఆయనదీ ఏజెన్సీయే, మనకంటే చిన్నది. "కాగితం వచ్చేదాకా విజిటర్‌గా వెళ్లండి సార్" అని చొక్కాకు స్టిక్కర్ అంటించి, రిజిస్టరు నా ముందుకు జరిపారు. పేరు రాశాను. వచ్చిన సమయం రాశాను. "ఎవరిని కలవాలి" అన్న గడి దగ్గర కాసేపు ఆగి, అక్కడ కూడా నా పేరే రాశాను. ఆయన చూసి, ఏమీ అనకుండా పక్కన సంతకం పెట్టారు.

ఇట్లు,
నీకు మెడ ఇచ్చినవాడు