టాండెమ్ వెనక్కి జరిపితే డ్రైవ్స్ తేలికవుతాయట!

‘స్కేల్‌కు వెళ్ళకుండానే లోడు సర్దుకునే 5 చిట్కాలు’ అనే మెసేజ్ మళ్ళీ వచ్చింది. స్కేల్ అంటే ట్రక్కులను తూచే కాటా. అమెరికాలో సెమీ (ట్రైలర్ తగిలించిన పెద్ద ట్రక్కు) నడిపే మనవాళ్ళే ఒకరికొకరు పంపుకుంటున్నారు. లైసెన్స్ చేతిలో ఉన్నవాళ్ళు కూడా! సరే, చూద్దాం.

మొత్తం 80,000 పౌండ్లు దాటకపోతే చాలట. చాలదు. స్టీర్ (ట్రక్కు ముందు చక్రాలు) మీద 11,600, డ్రైవ్స్ (ట్రక్కు వెనక చక్రాలు) మీద 35,200, ట్రైలర్ చక్రాల మీద 31,800 అనుకోండి. కలిపితే 78,600. మొత్తం భేషుగ్గా ఉంది, డ్రైవ్స్ మాత్రం వాటి హద్దు 34,000 దాటాయి. జరిమానా దానికే.

డీజిల్ నింపితే ట్రైలర్ యాక్సిల్స్ బరువెక్కుతాయట. ట్యాంకులు ట్రక్కుకున్నాయో, ట్రైలర్‌కున్నాయో ఓసారి దిగి చూడండి.

డ్రైవ్స్ ఎక్కువైతే టాండెమ్‌ను (ట్రైలర్ కింద పట్టాల మీద జరిగే చక్రాల సెట్టును) వెనక్కి జరపాలట. పూర్తిగా తలకిందులు. టాండెమ్ వెనక్కి పోయేకొద్దీ లోడు కింగ్‌పిన్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే పిన్ను) వైపు మొగ్గి డ్రైవ్స్ ఇంకా బరువెక్కుతాయి. జరపాల్సింది ముందుకు. టాండెమ్ ముందుకు రావాలంటే ట్రైలర్ బ్రేకులు వేసి ట్రక్కును రివర్స్ చేస్తాం కదా, ఈ మహానుభావుడు అది దూరం నుంచి చూసి ‘వెనక్కి’ అని రాసుకున్నట్టున్నాడు. టాండెమ్‌ను బిగించే పిన్నులు దూరే రంధ్రాల మధ్య 4 అంగుళాలుంటే ఒక్కో రంధ్రానికి సుమారు 250 పౌండ్లు మారతాయి. పై లెక్కలో 5 రంధ్రాలు ముందుకు జరిపితే డ్రైవ్స్ 34,000 లోపుకు దిగుతాయి. ఆయన చెప్పినట్టు చేస్తే 36,000 దాటతాయి. కాలిఫోర్నియాలో అయితే కింగ్‌పిన్ నుంచి చివరి యాక్సిల్‌కు 40 అడుగుల హద్దు కూడా ఉంది, అదీ దాటొచ్చు.

ఇంతవరకూ పోయేది డబ్బే. నాలుగో చిట్కాకు మాత్రం ఒళ్ళు మండింది. ‘పిన్నులు సరిగా పడకపోయినా ఫర్వాలేదు, రోడ్డెక్కాక కుదుపులకు అవే పడతాయి.’ పడతాయా? ఎవరి మీద? పిన్నులు పడని ట్రైలర్‌కు గట్టిగా బ్రేక్ వేస్తే చక్రాలు ఆగుతాయి, పైనున్న పెట్టె ఆగదు. టాండెమ్ పట్టాల మీద వెనక్కి జారిపోయి అడ్డంగా పెట్టే స్టాప్ బార్‌ను గుద్దుకుంటుంది. ఆ బార్ లేకపోయినా, విరిగినా, చక్రాల సెట్టు మొత్తం ట్రైలర్ కింద నుంచి ఊడి రోడ్డు మీద పడుతుంది. వెనక పిల్లలతో వస్తున్న కారు ఉంటే? పిన్నుల హ్యాండిల్ వదిలాక, ట్రైలర్ బ్రేకులు తీయకుండా ట్రక్కును కాస్త ముందుకీ వెనక్కీ లాగాలి. తర్వాత దిగి టార్చ్ వేసి నాలుగు పిన్నులూ రంధ్రాల్లో దూరి అవతలికి పొడుచుకు వచ్చాయో లేదో కంటితో చూడాలి. మూడు వచ్చాయి కదా అని క్యాబ్ ఎక్కకూడదు. వాన పడుతున్నా, డెలివరీ టైము మించిపోతున్నా సరే. ఈ పనికి పట్టే టైముకన్నా ఆ మెసేజ్‌ను పదిమందికి పంపడానికే ఎక్కువ పడుతుంది.

ఇక ఐదోది: సస్పెన్షన్ గేజ్ (సస్పెన్షన్‌లో గాలి ఒత్తిడి చూపే మీటరు) చూసి డ్రైవ్స్ బరువు చెప్పొచ్చట. ఇది నిజమే. చెత్తలో ఒక్కటి సరైనది దొరికింది. స్కేల్ మీద ఎంత చూపినప్పుడు గేజ్‌లో ఎన్ని పీఎస్ఐ ఉందో రాసి పెట్టుకుంటే, తర్వాత లోడింగ్ డాక్ దగ్గరే చాలా దగ్గరి అంచనా వస్తుంది. నేల చదునుగా ఉండాలి. ఆ మొదటి లెక్క కోసం మాత్రం స్కేల్‌కు వెళ్ళక తప్పదు.