ఉప్పు గుమ్మరిస్తే కెరోటిన్ పెరగదు

“డునాలియెల్లా తొట్టిలో ఉప్పు ఎంత పెంచితే బీటా కెరోటిన్ అంత పెరుగుతుంది. నీళ్లు ఎర్రబడితే పంట చేతికొచ్చినట్టే.” ఉప్పునీటిలో బతికే సూక్ష్మ నాచు డునాలియెల్లాను, అది తయారుచేసే నారింజ రంగు పదార్థం బీటా కెరోటిన్ కోసం పెంచేవాళ్ల మధ్య వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది. నమ్మి చేస్తే తొట్టి పాడవుతుంది.

ఉప్పు పెంచితే కణంలో ముందు పెరిగేది గ్లిసరాల్, అంటే బయటి ఉప్పుకు దీటుగా లోపల నీటిని పట్టి ఉంచే పదార్థం. డునాలియెల్లా సలైనాకు గట్టి కణకవచం లేదు. చుట్టూ ఉప్పు ఎక్కువైన నిమిషాల్లోనే నీరు కోల్పోయి ముడుచుకుపోతుంది. దాచుకున్న పిండిపదార్థాన్ని గ్లిసరాల్‌గా మార్చుకుంటూ కొన్ని గంటల్లో మళ్లీ నిండుతుంది. ఆ ఖర్చు ఎదుగుదలలోంచే పోతుంది. లీటరుకు 100 గ్రాముల ఉప్పులో చురుగ్గా రెట్టింపయ్యే కణాలు 250 దగ్గర బాగా మందగిస్తాయి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఈదలేక అడుక్కి చేరతాయి. పెంచక తప్పకపోతే ఉప్పును విడిగా కరిగించి, రోజుకు లీటరుకు 10–20 గ్రాములకు మించకుండా కలపండి.

కెరోటిన్‌కు అసలు మూలం ఎండ, నత్రజని కొరత. విభజన ఆగినా వెలుతురు పడుతూనే ఉంటే హరితరేణువులో నారింజ రంగు నూనె బొట్లు పోగవుతాయి. అవి నీలికాంతిని అడ్డుకుని పత్రహరితాన్ని కాపాడతాయి. అందుకే ముందు లీటరుకు అర గ్రాము పొటాషియం నైట్రేట్‌తో పచ్చగా పెంచాలి. అది అయిపోయాక మళ్లీ వేయకూడదు. నీటి లోతు 20 సెంటీమీటర్లు దాటకుండా పూర్తి ఎండ తగలనివ్వాలి. నీడలో ఉన్న తొట్టికి ఈ పని ఉప్పు చేసిపెట్టదు.

మరి డునాలియెల్లాను భారీగా పెంచే పశ్చిమ ఆస్ట్రేలియాలోని హట్ లగూన్‌లో అంత ఉప్పు ఎందుకంటారా? అక్కడివి వందల హెక్టార్ల మడులు. డునాలియెల్లాను మేసే సూక్ష్మజీవులు చాలావరకు ఆ ఉప్పుకు తట్టుకోలేవు. కణాలు పలచగా ఉన్నా అంత విస్తీర్ణంలో గిట్టుబాటవుతుంది. పెరటి తొట్టికి ఆ లెక్క వర్తించదు.

కెరోటిన్ కణానికి ఎంత అన్నది ఒక లెక్క, లీటరుకు ఎంత అన్నది వేరే లెక్క. ఉదాహరణకు, మిల్లీలీటరుకు 10 లక్షల కణాలు, కణానికి 10 పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు) అయితే లీటరుకు 10 మిల్లీగ్రాములు. కణాలు 2 లక్షలకు పడిపోయి, ఒక్కోదానిలో 30 పికోగ్రాములున్నా వచ్చేది 6 మిల్లీగ్రాములే. రంగు ముదిరింది, దిగుబడి తగ్గింది.

ఇక ఎర్రబడిన నీళ్లంతా కెరోటిన్ కాదు. నౌపడ, చినగంజాం లాంటి చోట్ల ఉప్పు మడుల్లో నీరు చిక్కబడే కొద్దీ ఉప్పును ఇష్టపడే ఆర్కియా (బ్యాక్టీరియాలా కనిపించే వేరే రకం సూక్ష్మజీవులు) కూడా గులాబీ రంగు తెస్తాయి. ఆ రంగు వాటిలోని బ్యాక్టీరియోరూబెరిన్ అనే వర్ణకానిది. 5 మైక్రాన్ల ఫిల్టర్‌లో మెల్లగా వడకట్టి చూడండి. కిందికి దిగిన నీరు ఇంకా గులాబీగానే ఉంటే ఆ రంగులో చాలా వాటా ఆర్కియాదే. పైన నారింజ పొర మిగిలితే, సూక్ష్మదర్శినిలో 400 రెట్లలో రెండు కశాభాలతో (తోకల్లాంటి సన్నని పోగులతో) ఈదే కణాలు కనిపిస్తే, అప్పుడు అసిటోన్‌లో రంగు దించి కెరోటిన్ కొలవండి.