యజమానిగారు బరంపురంలో ఉంటారు

దేశంలోని పారిశ్రామికవేత్తల జాబితాలు వేసేవాళ్లకు బరంపురం కనబడకపోవడం శోచనీయం. మా బావగారు ఒక ఉక్కు కంపెనీలో పది షేర్లకు అధిపతి. ఇచ్ఛాపురం దాటి వచ్చే హైవే మీద ఆ కంపెనీ లారీ కనబడితే "మనదే" అంటారు. డ్రైవరు స్పీడు పెంచితే టెన్షన్ పడతారు కూడా.

అక్కయ్య దగ్గర అదే కంపెనీ బాండ్లున్నాయి. వాళ్లు చేసేది ఉక్కో ఉప్పో ఆవిడకు అనవసరం. వడ్డీ పడినట్టు మెసేజ్ రావాలి, గడువు తీరాక అసలు రావాలి. కంపెనీకి లాభాలు పొంగిపొర్లినా రూపాయి ఎక్కువ రాదు, నష్టమొచ్చిందంటే రూపాయి తగ్గనివ్వదు. ఉత్త అప్పులవ్యవహారం! ఇందులో హోదా ఏముంది?

బావగారిది హోదా. వార్షిక సభ ఆన్‌లైన్‌లో జరిగితే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫోను ముందు కూర్చుంటారు. ఎండీగారి జీతానికి పది ఓట్లూ వేస్తారు. లాభంలోంచి పంచే డివిడెండు మాత్రం బోర్డు సిఫారసు చేసినంతే. సభ దాన్ని తగ్గించగలదు గానీ పెంచలేదు. చట్టం యజమానులకు ఇచ్చిన స్వేచ్ఛ అది. షేరు ధర పెరిగితే ఆ లాభం ఆయనదే, అక్కయ్యకు అందులో వాటా లేదు. అయితే ఆయన అమ్మరు.

పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి రైలు వేయించి, 1900లో అది మొదలయ్యాక తొలి ఏళ్ల నష్టాలు మోశారు. బావగారు తనదీ ఆ పరంపరే అంటారు.

కంపెనీ మునిగి ఆస్తులు అమ్మితే ఎవరికి ముందు ఇవ్వాలో 2016 నాటి దివాలా చట్టం చెప్పింది. కార్మికుల బకాయిలు, తాకట్టున్న అప్పులు ముందు. తర్వాత తాకట్టు లేనివి, సర్కారు బాకీలు. మామూలు షేర్లవాళ్లు అందరికన్నా ఆఖరు. పెళ్లిలో ఇంటివాళ్లు చివరి పంక్తిలో కూర్చోవడం మన మర్యాదే కదా! 2021లో ఇళ్లకు అప్పులిచ్చే కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్ దివాలా తీసి చేతులు మారినప్పుడు బాండ్లవాళ్లకు కొంతైనా ముట్టింది, షేర్లవాళ్లకు విస్తరే పడలేదు.

బావగారి దగ్గరా ఒక అస్త్రం ఉంది. 2020 మార్చిలో యెస్ బ్యాంకు 8,415 కోట్ల ఏటీ-1 అనే రకం బాండ్లను సున్నా చేసింది, షేర్లు మాత్రం బతికాయి.

"అవి గడువే లేని బాండ్లండీ. బ్యాంకు చిక్కుల్లో పడితే రద్దు చేయొచ్చని షరతుల్లోనే ఉంటుంది" అంది అక్కయ్య. "అయినా, వంద దాటి షేర్లున్నవాళ్లకు ముప్పాతిక భాగం మూడేళ్లు అమ్మకుండా తాళం వేశారుగా?"

"యజమాని అన్నవాడు అమ్ముకుంటాడా ఏమిటి?" అన్నారు బావగారు.