సవరణ: వాయేజర్ 2కు ఆదేశాలు ఒక్క చోటి నుంచే

నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 2కు గోల్డ్‌స్టోన్ (అమెరికా), మాడ్రిడ్ (స్పెయిన్), కాన్‌బెర్రా (ఆస్ట్రేలియా)లలోని నాసా యాంటెన్నా కేంద్రాలు మూడింటి నుంచీ ఆదేశాలు పంపొచ్చని మొన్నటి పోస్టులో రాశాను. తప్పు నాదే, దాని జంట నౌక వాయేజర్ 1 సంగతిని దీనికీ అంటగట్టేశాను. నాసా ప్రకటనల ప్రకారం పంపగలిగేది కాన్‌బెర్రాలోని 70 మీటర్ల యాంటెన్నా, డీఎస్ఎస్-43 ఒక్కటే.

1989లో నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటన్‌ని దగ్గరగా చూడటానికి నెప్ట్యూన్ ఉత్తర ధ్రువం మీదుగా వెళ్లడంతో నౌక దారి దక్షిణానికి వంగింది. ఉత్తరార్ధగోళంలోని గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్ కేంద్రాలకు అదిప్పుడు దిగంతం పైకే రాదు. పైగా దాని పాతకాలపు రిసీవర్‌కు ఎస్-బ్యాండ్ అనే రేడియో తరంగాల శ్రేణిలోనే పంపాలి. అంత దూరం పంపగల శక్తి ఉన్న ట్రాన్స్‌మిటర్ దక్షిణార్ధగోళంలో డీఎస్ఎస్-43కే ఉంది. అందుకే 2020 మార్చిలో మరమ్మతులకు ఆ యాంటెన్నాను ఆపాక, పక్కనున్న 34 మీటర్ల యాంటెన్నాలతో వినడం మాత్రమే సాగింది. అక్టోబరులో పంపిన పరీక్షా ఆదేశాన్ని మినహాయిస్తే, 2021 ఫిబ్రవరి దాకా నౌకకు భూమి నుంచి మాటే లేదు.